పోర్షే చవక, హోండా ప్రియం

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఒక ఆదివారం పొద్దున్నే రెండు కార్ల ఫొటోలు పంపాడు. ఒకటి వెండిరంగు పోర్షే బాక్‌స్టర్ ఎస్, 2002 మోడల్. రెండోది ఎర్ర హోండా ఎస్ 2000, అది 2001ది. రెండూ రెండేసి సీట్ల బళ్ళు. రెండింటికీ చేత్తో మార్చుకునే ఆరు గేర్లు, మడిచి వెనక్కి పెట్టుకునే గుడ్డ టాపు. ఫొటోల కింద సందేహం: "మావయ్యా, కొత్తలో ఈ హోండా దాదాపు 32 వేల డాలర్ల బండి. ఆ పోర్షే 50 వేలు. ఇప్పుడేమో పోర్షే ఆసామికంటే హోండా ఆసామి ఎక్కువ అడుగుతున్నాడు. ఏదో మతలబు ఉందంటావా?"

ఉంది. ఆ మతలబు అరచేతిలో ఇమిడిపోతుంది. అదొక బేరింగు.

నేను ముప్ఫయ్యేళ్ళు ఫ్యాక్టరీ మెయింటెనెన్స్‌లో బేరింగులు మార్పిస్తూ గడిపినవాణ్ణి. స్పోర్ట్స్ కారు నడిపిన పాపాన పోలేదు. అయితే బేరింగు ఎలా చస్తుందో మాత్రం తెలుసు. గ్రీజు ఎండిపోయిన బేరింగు పోర్షేలో ఉన్నా పిండిమరలో ఉన్నా ఒకేలా అరుస్తుంది. వాడు ఆ సందేహం అడిగింది అందుకే.

బాక్‌స్టర్ 1996లో వచ్చింది. మరుసటి ఏడాది కొత్త 911 వచ్చింది. అంతవరకూ గాలికి చల్లబడే ఇంజన్లు పెట్టిన 911కి, మొదటిసారి నీళ్ళతో చల్లబడే ఇంజను పెట్టారు. ఈ రెండు కార్ల ఇంజన్లదీ ఒకే కుటుంబం, పేరు ఎం96. ఆరు సిలిండర్లు నిలబడి ఉండవు, మూడు అటు, మూడు ఇటు పడుకుని ఉంటాయి. నడుమ క్రాంకు తిరుగుతుంది. వాల్వులు తెరిచి మూసే క్యాంషాఫ్టులు చూస్తే రెండు చివర్లా దూరంగా ఉన్నాయి. క్రాంకు తిరుగుడు అక్కడిదాకా చేరడానికి కింద మరో ఇరుసు పెట్టారు. క్రాంకు గొలుసుతో దాన్ని తిప్పుతుంది, అది వేరే గొలుసులతో అటూ ఇటూ క్యాంషాఫ్టుల్ని తిప్పుతుంది. దాని పేరు ఇంటర్మీడియట్ షాఫ్టు. ఐఎంఎస్ అని పొట్టిగా పిలుస్తారు.

ఆ ఇరుసుకి ఒక కొస సాదా బేరింగులో, ఇంజను ఆయిల్లో ఈదుతూ తిరుగుతుంది. గేర్‌బాక్సు వైపు ఉన్న కొస మాత్రం గుండ్ల బేరింగు మీద కూర్చుంది. తయారయ్యేటప్పుడే గ్రీజు పూసి, రెండు పక్కలా సీలు బిగించిన బేరింగు అది. మన ఇళ్ళల్లో సీలింగ్ ఫ్యానులో ఉండేదీ ఈ జాతిదే. ఫ్యానులో దానికి ఏ ఇబ్బందీ లేదు, చుట్టూ ఉండేది గాలే. ఇంజనులో చుట్టూ కాగే నూనె. రోజులు గడిచేకొద్దీ ఆ నూనె సీలు సందుల్లోంచి లోపలికి పాకి గ్రీజుని కడిగేస్తుంది. పోనీ నూనె అయినా గుండ్లకి అందుతుందా అంటే, సీలు అడ్డం. చొరబడ్డ కాస్త నూనె లోపలే ఉండి మురిగిపోతుంది. గ్రీజూ పోయింది, తాజా నూనే రాదు. రెంటికీ చెడ్డ రేవడి. చివరికి గుండ్లు అరిగి, ఇరుసు ఊగి, గొలుసు పళ్ళు దాటితే వాల్వులు తెరుచుకునే వేళ తప్పుతుంది. పైకొచ్చే పిస్టను, కిందికి దిగిన వాల్వుని గుద్దుతుంది. చెడింది చిన్న బేరింగు, పోయేది ఇంజను.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి, మళ్ళీ అవసరపడుతుంది. 1883లో లండన్‌లో బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల రాపిడి కొలుస్తున్నాడు. ఇరుసు మీద కూర్చున్న ఇత్తడి బేరింగుకి నెత్తిన నూనె పోయడానికని ఒక రంధ్రం వేశాడు. ఇరుసు తిప్పితే, పోయవలసిన చోటునుంచి నూనె పైకి ఉబికి వచ్చింది. బిరడా బిగించాడు. బిరడా లేచిపోయింది. చెక్క మేకు కొట్టాడు. అదీ లేచివచ్చింది. ప్రెషరు గేజి పెట్టి చూస్తే అర్థమైంది: తిరిగే ఇరుసు తనంతట తనే నూనెని సందులోకి లాక్కుంటోంది, బేరింగు ఆ ఒత్తిడి మీద తేలుతోంది. లోహం లోహాన్ని తాకడమే లేదు. మూడేళ్ళకి ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితం రాశాడు. ఇవాళ్టికీ ప్రతి కారు ఇంజనులో క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు తేలేది ఆ నూనె పొర మీదే. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే ఈ పొర కొద్ది మైక్రాన్లు. గుండ్లు లేవు, సీలు లేదు, నూనె అందుతున్నంత కాలం అరుగుదల దాదాపు సున్న.

ఐఎంఎస్ దగ్గరకొద్దాం. మొదటి మూడు నాలుగేళ్ళ కార్లలో ఆ బేరింగుకి రెండు వరసల గుండ్లు ఉండేవి. తర్వాత ఒంటి వరస బేరింగు పెట్టారు. 2005 తర్వాత మళ్ళీ పెద్దది పెట్టారు. అమెరికాలో దీనిమీద యజమానులంతా కలిసి కోర్టుకి వెళ్ళారు. 2001 మే నుంచి 2005 ఫిబ్రవరి దాకా తయారైన కార్ల విషయంలో 2013లో కంపెనీతో రాజీ కుదిరింది. ఆ వ్యాజ్యంలో బయటకొచ్చిన లెక్క ఇది: జంట వరస బేరింగు చెడేది నూటికి ఒకటి లోపు, ఒంటి వరసది 8 నుంచి 10. 2009 నుంచి కొత్త ఇంజనులో ఆ ఇరుసే తీసేశారు.

నూటికి పది అనగానే మా వాడు గుండె పట్టుకున్నాడు. బేరింగుల రంగంలో ఉన్నవాళ్ళకి ఈ పది పాత చుట్టం. కేటలాగులో బేరింగు ఆయుర్దాయం అని వేసే అంకెకి అర్థం, ఒకే రకం వంద బేరింగుల్ని ఒకే బరువు కింద తిప్పితే అందులో పది పాడవడానికి పట్టే తిరుగుళ్ళు అని. దాన్ని ఎల్10 అంటారు. వంద పరుగుపందెం మొదలుపెడితే ఏ పది ముందు పడిపోతాయో ఎవరూ చెప్పలేరు. ఒకే కొలిమి ఉక్కు, ఒకే మిషను, ఒకే రోజు. ఒకటి ఏడాదికే పోతుంది, దాని అన్న పాతికేళ్ళు తిరుగుతుంది. బరువు రెట్టింపు చేస్తే గుండ్ల బేరింగు ఆయువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. రెండు వరసల గుండ్లు తీసి ఒక వరస పెడితే ఏమవుతుందో ఈ ఒక్క సూత్రమే చెబుతుంది.

కాబట్టి నమ్మకం అనేది కంపెనీ గుణం అనుకోవడం దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. "హోండా మంచిదా, పోర్షే మంచిదా" అని అడిగితే జవాబుండదు. ఏ సంవత్సరం బండి, అందులో ఏ భాగం బలహీనం, అది పోయేముందు చెప్పి పోతుందా చెప్పకుండా పోతుందా, ముందే మార్చడానికి వీలుందా: ఇలా అడిగితే ఉంటుంది. నా మటుకు నేను పాత స్పోర్ట్స్ కార్లని వాటి వేగంతో పోల్చను, వాటి జబ్బులతో పోలుస్తాను. జబ్బు లేని స్పోర్ట్స్ కారు లేదు. ఓర్చుకోగల జబ్బు ఏదో చూసుకోవాలి.

ఐఎంఎస్ జబ్బు చెప్పకుండా పోయే రకం. కానీ ముందే మార్చడానికి వీలున్న రకం కూడా. గేర్‌బాక్సు, క్లచ్చు, ఫ్లైవీలు దించితే ఆ బేరింగు ఎదురుగా కనబడుతుంది. క్లచ్చు మార్చేటప్పుడు దాన్నీ మార్చేస్తే అదనంగా పట్టే కూలి కొంచెమే. బదులు పెట్టేవి రకరకాలు దొరుకుతాయి. కొన్నిట్లో సిరామిక్ గుండ్లు. కొన్నిట్లో గుండ్లే ఉండవు; ప్రత్యేకంగా గొట్టం వేసి ఒత్తిడితో నూనె అందించే సాదా బేరింగు. ఇరవయ్యొకటో శతాబ్దపు పోర్షేకి 1883 నాటి టవర్ మందు. 2006 నుంచి 2008 దాకా వచ్చిన పెద్ద బేరింగు మాత్రం ఇంజను చీలిస్తే తప్ప బయటకి రాదు. అయితే అది చెడిన సందర్భాలు అరుదు.

మరి ధర ఎందుకింత పడింది? దీనికి జవాబు ఇంజనీరు దగ్గర దొరకదు, ఆర్థికవేత్త దగ్గర దొరుకుతుంది. జార్జ్ ఎకర్లాఫ్ 1970లో సెకండ్‌హ్యాండ్ కార్ల మీద ఒక వ్యాసం రాశాడు. మూడు పత్రికలు తిప్పి పంపాక నాలుగోది వేసింది. 2001లో నోబెల్ బహుమతిలో ఆయనకి వాటా తెచ్చిపెట్టింది ఆ పనే. పాడు కారుని అమెరికాలో నిమ్మకాయ అంటారు. ఏది నిమ్మకాయో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియదు కాబట్టి అన్నిటికీ అనుమానపు ధరే ఇస్తాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు. బజారులో మిగిలేవి నిమ్మకాయలు, దాంతో అనుమానం ఇంకా పెరుగుతుంది. బాక్‌స్టర్‌కి జరిగింది అచ్చంగా ఇదే. జంట వరస బేరింగున్న 1998 బండినీ, బేరింగు మార్పించిన 2002 బండినీ, ఏమీ మార్పించని బండినీ బజారు ఒకే గాటన కట్టింది.

ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. ఇంజను పోతే 15 వేల డాలర్ల నష్టం అనుకోండి. పోయే అవకాశం నూటికి పది అనుకోండి. ఆ భయం ఖరీదు 1,500 డాలర్లు. అదైనా కొత్తలో. ఇరవయ్యేళ్ళు దాటి బతికున్న బండికి అంత ఉండదు, బలహీనమైనవి ఎప్పుడో రాలిపోయాయి. బజారు తగ్గించి ఇస్తున్నది 1,500కి ఎన్నో రెట్లు. అంటే బజారు బేరింగుకి భయపడటం లేదు, తెలియకపోవడానికి భయపడుతోంది. తెలుసుకోగలిగినవాడికి ఆ తేడా లాభం. మా వాడికి ఒక్క మాట చెప్పాను: "ఒరేయ్, బండి తర్వాత చూద్దువుగాని, ముందు బిల్లుల ఫైలు అడుగు. క్లచ్చు ఎప్పుడు మార్చారు, ఆ రోజు బిల్లులో బేరింగు ఉందా లేదా?"

ఇక హోండా. దాని కథ పూర్తిగా వేరు.

ఎస్ 2000 వచ్చింది 1999లో. కంపెనీ యాభయ్యేళ్ళ పండగకి చేసుకున్న కానుక. రెండు లీటర్ల ఇంజను, అమెరికా లెక్కలో 240 హార్స్‌పవర్, టర్బో లేకుండా. అంత శక్తి వచ్చింది వేగంగా తిరగడం వల్లే. నిమిషానికి 9,000 తిరుగుళ్ళ దగ్గర ఎర్రగీత. పిస్టను 84 మిల్లీమీటర్లు పైకీ కిందికీ పోతుంది. 9,000 దగ్గర దాని సగటు వేగం సెకనుకి 25 మీటర్లు, అంటే గంటకి 90 కిలోమీటర్లు. మన హైవే మీద బస్సు వేగం. తేడా ఏమిటంటే పిస్టను ఆ వేగంలో సెకనుకి 300 సార్లు ఆగి వెనక్కి తిరగాలి. దానికి తట్టుకునేలా కట్టారు కాబట్టే ఈ ఇంజనుకి అంత పేరు. మొదటి ఏళ్ళ బళ్ళలో నాలుగో సిలిండరుకి నూనె చిమ్మే బోల్టుల రంధ్రాలు చాలక కొన్ని ఇంజన్లు దెబ్బతిన్నాయి. తర్వాత బోల్టులు మార్చారు. గొలుసు బిగించే టెన్షనరు ముసలితనంలో గరగరలాడుతుంది. అవి చిల్లర సంగతులు. హోండాకి అసలు జబ్బు డ్రైవరు.

మూడో గేరులో 8,500 దగ్గర ఉన్నారు. నాలుగుకి మార్చాలి. మూడో గేరు పైన నడుమ ఉంటుంది, నాలుగు సరిగ్గా దాని కింద. గేరు రాడ్డుని తిన్నగా కిందికి లాగాలి. కుర్రాడు ఉత్సాహంలో తనవైపు కొంచెం వాల్చి లాగాడు. అక్కడున్నది రెండో గేరు. ఈ కారులో మూడో గేరు నిష్పత్తి 1.481, రెండోది 2.045. గుణించి చూడండి. క్లచ్చు వదిలిన క్షణంలో ఇంజను 11,700 దాటి తిరగాలి. ఇంధనం ఆపేసే లిమిటరు ఏమీ చెయ్యలేదు, ఎందుకంటే ఇంజనుని ఇప్పుడు పెట్రోలు తిప్పడం లేదు, చక్రాలు తిప్పుతున్నాయి. లోపల కదిలే భాగాల మీద పడే భారం తిరుగుడు వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, ఎర్రగీత దగ్గర భరించేదానికి 1.7 రెట్లు ఒక్క దెబ్బలో పడుతుంది. వాల్వు స్ప్రింగుని పట్టి ఉంచే చిన్న టోపీ ఉంటుంది, రిటైనరు. అది చిట్లుతుంది. అప్పటికప్పుడు విడిపోకపోవచ్చు. చిట్లిన టోపీతో కారు నెలల తరబడి నడవొచ్చు, ఈలోపు చేతులు మారొచ్చు.

ఆ తప్పు ఏ బిల్లులోనూ ఉండదు. హోండా దాన్ని గుర్తుపెట్టుకోదు. పోర్షే పెట్టుకుంటుంది! 2000 తర్వాతి బాక్‌స్టర్ల కంప్యూటరులో, ఎర్రగీత దాటాక ఎన్నిసార్లు నిప్పురవ్వ పడింది, ఆఖరిసారి ఇంజను ఎన్నో గంటలో ఉండగా జరిగింది, అంతా చిత్రగుప్తుడి చిట్టాలా ఉంటుంది. స్కానరు తగిలిస్తే బయటపడుతుంది. హోండాకి మాత్రం పై మూత విప్పి, టార్చిలైటు వేసి రిటైనర్లు ఒక్కొక్కటీ చూడాలి. పది మందికి ఒక్కడైనా చూడడు. పేరు చూసి డబ్బు కట్టేస్తారు.

ఈ రెండూ చాలనట్టు వాడు మధ్యలో మరో రెండు కార్ల మీద మనసు పారేసుకున్నాడు. మాజ్డా ఆర్ఎక్స్-8, బీఎండబ్ల్యూ ఎం3.

ఆర్ఎక్స్-8 2003లో వచ్చింది, 2012 దాకా చేశారు. దాన్లో పిస్టన్లే లేవు. మూడు మూలల రోటర్లు రెండు, నడుమ కాస్త నొక్కిన కోడిగుడ్డులాంటి గదిలో గిరగిరా తిరుగుతాయి. ప్రతి మూలకీ ఒక సన్నని సీలు. ఆరు సీళ్ళూ గది గోడల్ని రాసుకుంటూ పోవాలి, అందుకని ఇంజను తనే కొంచెం నూనె గదిలోకి వదిలి కాల్చుకుంటుంది. ఆయిల్ తాగడం ఇక్కడ రోగం కాదు, ఆహారం. ఈ సంగతి తెలియని యజమాని నెలల తరబడి డిప్‌స్టిక్కు తీసి చూడడు, సీళ్ళు ఎండుతాయి. అమెరికాలో మాజ్డా ఆ ఇంజను వారంటీని 8 ఏళ్ళకి, లక్ష మైళ్ళకి పొడిగించవలసి వచ్చింది. అయితే నేను ఈ ఇంజనుని ఒక విషయంలో మెచ్చుకుంటాను. ఇది చెప్పి పోతుంది. సీళ్ళు అరిగేకొద్దీ కంప్రెషన్ పడిపోతుంది, వేడిగా ఉన్నప్పుడు స్టార్టవడానికి మొరాయిస్తుంది. రోటరీకి వేరే కంప్రెషన్ టెస్టరు ఉంటుంది, ఒక్కో రోటరుకి మూడు ముఖాలకీ మూడు అంకెలు చూపిస్తుంది. మామూలు టెస్టరు మూడింట్లో ఎక్కువున్న అంకె ఒక్కటే చూపించి మోసం చేస్తుంది. ఆ ఆరు అంకెలూ చేతిలో ఉంటే ఇంజనుకి ఎంత ఆయువు మిగిలిందో దాదాపు చెప్పెయ్యవచ్చు. పాత బండిలో అలా మాట్లాడే జబ్బు దొరకడం అదృష్టమే.

2000 నుంచి 2006 దాకా వచ్చిన ఎం3కి రెండు పేరున్న బాధలు. వెనక ఇరుసు చట్రం బిగించే చోట కారు అడుగు రేకు పగలడం ఒకటి. ప్రతిసారీ ఆక్సిలరేటరు తొక్కి వదిలినప్పుడు ఆ రేకు కాస్త వంగి లేస్తుంది. తీగని పదేపదే వంచితే తెగినట్టే ఇదీ. కారు పైకెత్తి చూస్తే కనబడుతుంది, పలకలు పెట్టి వెల్డు చేయిస్తారు. రెండోది కనెక్టింగ్ రాడ్ల బేరింగులు. మొదటి ఏళ్ళ కార్లకి కంపెనీయే పిలిచి మార్చింది. ఇక్కడ టవర్ మళ్ళీ కనిపిస్తాడు. దాని ఇంజను ఆయిలు చిక్కనిది, 10డబ్ల్యూ-60. చల్లగా ఉన్నప్పుడు తేనెలా కదులుతుంది. అందుకే ఆ కారులో టాకోమీటరు చుట్టూ చిన్న దీపాలు పెట్టారు. స్టార్ట్ చెయ్యగానే కింది నుంచే ఎర్రగీత మొదలైనట్టు వెలుగుతాయి. ఆయిలు వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ "ఇంక తొక్కుకో" అంటాయి. ఇంత విడమరిచి చెప్పే కార్లు అరుదు. మా వాణ్ణి పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే చూడటానికి వెళ్ళమన్నాను. దీపాలు ఆరకముందే ఆసామి "సౌండ్ విను" అంటూ రయ్యిమనిపిస్తే బేరం అక్కడే ఆపెయ్యమన్నాను. అచ్చం అలాగే జరిగింది. వాడు దణ్ణం పెట్టి వచ్చేశాడు.

మా నాన్నగారు సంతలో ఎద్దుల్ని బేరమాడేటప్పుడు చూశాను. పళ్ళు చూసేవారు, సుళ్ళు చూసేవారు. అవన్నీ అయ్యాక పక్కకి వెళ్ళి అమ్మేవాడు దాన్ని ఎలా తోలుకొచ్చి గుంజకి కట్టాడో చూసేవారు. కారుకైనా అంతే.

నేను మొదట్నుంచీ పోరుతున్నది ఇంకో కారు గురించి. మాజ్డా ఎంఎక్స్-5, అమెరికా వాళ్ళ మియాటా. 1989లో షికాగో ఆటో షోలో తెర తీశారు, 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అంత అమ్ముడుపోయింది లేదు. దాని గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్ప. మొదటి తరంలో 1994 మోడల్ నుంచి 1.8 లీటర్ల ఇంజను, ఇనప బ్లాకు. పిస్టను కదిలే దూరం 85 మిల్లీమీటర్లు, దాదాపు హోండాతో సమానం. ఎర్రగీత మాత్రం 7,000. లెక్క వేస్తే పిస్టను మీద పడే త్వరణం హోండాలో ఉన్నదానికి అరవై శాతం. టైమింగ్ బెల్టు తెగినా ఆ మొదటి తరం ఇంజన్లలో పిస్టను వాల్వుని తాకదు. బండి ఆగిపోతుంది, టో చేయించి బెల్టు వేయించుకుంటే మళ్ళీ నడుస్తుంది. మరీ మొదట్లో, 1990-91 బళ్ళలో క్రాంకు ముక్కు సన్నగా ఉండి ఇబ్బంది పెట్టింది. మంచు ప్రాంతాల బండైతే తలుపుల కింది రేకు ఉప్పుకి తుప్పు పడుతుంది. చిన్న బరువు, చిన్న ఆశ, పెద్ద ఆయువు. ఇంజనీరింగులో ఇంతకంటే నమ్మకమైన కిటుకు నాకు తెలియదు. మా వాడేమో, "అది ఆడపిల్లల కారంటారు మావయ్యా ఇక్కడ" అన్నాడు. మా అక్కయ్య పక్కనుంచి విని, "అయితే నాకు కొనిపెట్టు" అంది.

తక్కువ తిరిగిన బండి అనే మాయ గురించి కూడా చెప్పాలి. మన దగ్గర "సింగిల్ ఓనర్, షెడ్డులో ఉన్న బండి" అంటే నోరూరుతుంది. అక్కడా అంతే. పాతికేళ్ళలో పాతిక వేల మైళ్ళు తిరిగిన కారంటే ఎగబడతారు. ఏడాదికి వెయ్యి మైళ్ళు, అదీ ఆదివారం కాఫీకి వెళ్ళి రావడం. ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు ఆయిల్లోనే మిగిలిపోతాయి. సీళ్ళు ఎండి బిగుసుకుంటాయి. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీలుస్తుంది. టైరు పక్కన చెక్కిన అంకెల్లో చివరి నాలుగు చూడండి: 2409 అని ఉంటే 2009వ సంవత్సరం 24వ వారంలో తయారైందని. గాట్లు కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయి. లక్ష మైళ్ళు హైవే మీద వేడివేడిగా తిరిగి, వేళకి ఆయిలు మారిన బాక్‌స్టర్‌ని ఆ షెడ్డు రాకుమారి కంటే ముందు నేను ఎంచుకుంటాను. ఐఎంఎస్ బేరింగు విషయంలో మెకానిక్కులు చెప్పేదీ ఇదే: కదలని బండితోనే ఎక్కువ భయం.

కొత్తగా పెద్ద రిపేరు జరిగిన బండికీ ఒక గండం ఉంది. యంత్రాలు పుట్టిన కొత్తలో ఎక్కువ చెడతాయి, నడి వయసులో తక్కువ, ముసలితనంలో మళ్ళీ ఎక్కువ. ఇంజను విప్పి బిగించిన ప్రతిసారీ దాని బాల్యారిష్టాలు మళ్ళీ మొదలు. 2018లో సుబారు బీఆర్‌జెడ్, టయోటా 86 కార్లకి వాల్వు స్ప్రింగులు మార్చడానికి రీకాల్ పెట్టారు. మార్పించుకున్న కొన్ని కార్ల ఇంజన్లు ఆ మార్పు తర్వాతే పోయాయి. అందుకని "నిన్ననే ఇంజను పని చేయించాం సార్" అన్నవాడి బండి కంటే, "ఎనిమిదేళ్ళయింది, మళ్ళీ ముట్టుకోలేదు" అన్నవాడి బండే నాకు ఇష్టం.

ఒకరోజు రాత్రి వీడియో కాల్. వాడు మెకానిక్కు షెడ్డులో ఉన్నాడు. ముందు చెప్పిన కార్లేవీ కాదు, మరొకటి, పేరు అనవసరం. అమ్మేవాడు ఇన్‌స్పెక్షనుకి ఒప్పుకున్నాడు, ఖర్చు మా వాడిది. నేను అడిగింది ఒక్కటే, ఆయిల్ ఫిల్టరు కోసి చూపించమని. మెకానిక్కు దాన్ని విప్పి, లోపలి మడతల కాగితాన్ని కత్తితో నిలువునా చీల్చి, వైసులో పెట్టి పిండాడు. చిక్కటి నల్లటి నూనె కారింది. కాగితాన్ని బల్ల మీద పంచాంగం విప్పినట్టు చాపి, లైటు దగ్గరగా దించాడు. మడత మడతకీ చమ్కీ అద్దినట్టు బంగారు రంగు మెరుపులు. కాగితం కింద అయస్కాంతం పెట్టి లాగాడు. ఒక్కటీ కదల్లేదు. ఇనుమైతే వెంట వచ్చేది. ఇది బేరింగు లోపలి పొర, రాగి కలిసిన లోహం. ఫిల్టరు విప్పేదాకా ఇంజను చక్కగా, ఏ చప్పుడూ లేకుండా తిరిగింది. బండి అమ్మడానికి తెచ్చిన ఆసామి ఆ కాగితం వంక చూసి ఏమీ మాట్లాడలేదు. పాపం, అతనికీ తెలియదని ముఖం చూస్తే తెలిసింది. అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు అన్న ఎకర్లాఫ్ లెక్కలో ఈ మూడో రకం లేదు.

ఇంత విన్నాక నా తీర్పు ఏమిటని అడుగుతారు. ఒక్కటే కారు, రోజూ ఆఫీసుకి అదే కావాలంటే మియాటా. చేతిలో డబ్బు ఎక్కువుండి పోర్షేయే కావాలంటే ఐఎంఎస్ లేని 2009, ఆ తర్వాతి బాక్‌స్టర్. హోండా మంచి బండే, కానీ ఇవాళ్టి ధరలో దాని పేరుకి కడుతున్న డబ్బు చాలా ఉంది. మూత విప్పనివ్వని వాడి దగ్గర కొనకండి. ఆర్ఎక్స్-8 ఆరు అంకెలూ బాగుంటే తీసుకోవచ్చు, డిప్‌స్టిక్కుతో స్నేహం చెయ్యగలిగినవాళ్ళు. ఎం3 అయితే, కొన్న ధరలో సగం పక్కన పెట్టుకుని దిగండి. ఏనుగుని కొన్నవాడు మేపగలగాలి కూడా.

మా వాడు నా మాట సగమే విన్నాడు. మొదటి రోజు పంపిన వెండిరంగు బాక్‌స్టరే కొన్నాడు. 96 వేల మైళ్ళు తిరిగింది. బిల్లుల ఫైలు రెండంగుళాల మందం ఉంది, అందులో 2014 నాటి కాగితంలో క్లచ్చు, దాని కింది గీతలో ఐఎంఎస్ బేరింగు. స్కానరు చూపిన చిట్టాలో ఇంజనుని ఎర్రగీత మరీ దాటి తిప్పిన గుర్తు లేదు. అయిదు వేల మైళ్ళకోసారి ఆయిలు మార్చి, ఫిల్టరు కోసి నాకు ఫొటో పంపాలని షరతు పెట్టాను. మొదటి ఫొటో మొన్న శుక్రవారం వచ్చింది. కాగితం శుభ్రంగా ఉంది.